మీటరు కంటే ముందు కప్లర్‌ని కొలవండి

రేడియో పవర్, యాంటెన్నా కొలతల మీద విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. అడిగింది ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరిగి రావడం లేదని) గురించైనా, వాట్‌మీటరు గురించైనా, తడిసిన కేబుల్ గురించైనా, తీగ పట్టుకుని వెళ్తే అన్నీ డైరెక్షనల్ కప్లర్ దగ్గరికే చేరుతున్నాయి. లైన్లో ముందుకెళ్లే పవర్‌ను, తిరిగొచ్చే పవర్‌ను విడివిడిగా చూపించే పరికరం అది.

ప్రశ్న: డైరెక్షనల్ కప్లర్ గురించి క్లాసులో చెప్పారు, సూత్రాలు రాసుకున్నాం. ల్యాబ్‌లో మంచి డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పవర్‌ను తనలోనే ఖర్చు చేసే రెసిస్టర్) తగిలించి 100 వాట్లు పంపితే తిరుగు పవర్ 1 వాట్ చూపిస్తోంది. డమ్మీ లోడ్ పాడైందా, కప్లర్ పాడైందా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, గుంటూరు

జవాబు: రెండూ బాగానే ఉండొచ్చు. కప్లర్‌కు సంబంధించి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది కప్లింగ్. 30 డీబీ కప్లింగ్ అంటే లైన్లో వెళ్లే పవర్‌లో వెయ్యో వంతును పక్క పోర్టుకు తీసి చూపిస్తుందని. 20 అయితే నూరో వంతు, 40 అయితే పదివేలో వంతు. రెండోది లైన్ నష్టం. 20 డీబీ కప్లర్ తన వాటాగా తీసుకునేది 0.04 డీబీ, దాన్ని మరిచిపోవచ్చు. 10 డీబీ కప్లర్ మాత్రం 0.46 డీబీ, అంటే పదో వంతు పవర్ తీసేసుకుంటుంది. మూడోది డైరెక్టివిటీ. మీ 1 వాట్ కథంతా ఇక్కడే ఉంది, చాలామంది చూడకుండా వదిలేసే అంకె కూడా ఇదే.

ప్రకాశం బ్యారేజి మీద ఇద్దరిని కూర్చోబెట్టారనుకోండి. ఒకరు విజయవాడ నుంచి తాడేపల్లి వైపు వెళ్లే బళ్లను, ఇంకొకరు అటునుంచి వచ్చే బళ్లను లెక్కపెట్టాలి. రెండో మనిషి పరధ్యానంలో, వెళ్లే బళ్లలో నూటికి ఒకటి చొప్పున తన ఖాతాలో వేసుకుంటున్నాడు. వెయ్యి బళ్లు వెళ్లి, ఒక్కటీ తిరిగి రాకపోయినా ఆయన పుస్తకంలో పది ఉంటాయి. ఆ నూటికొకటే 20 డీబీ డైరెక్టివిటీ. మీ 100 వాట్లలో 1 వాట్ అలా వచ్చిందే అయ్యుండొచ్చు. మీటరు దాన్నే ఎస్‌డబ్ల్యుఆర్ 1.22 అని చెబుతుంది.

బళ్ల పోలిక ఇంతవరకే పనికొస్తుంది. దొంగ లెక్క, నిజం లెక్క వాట్లలో కూడవు. వోల్టేజిలుగా, ఫేజుతో సహా కలుస్తాయి. ఒకసారి కూడతాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి తినేస్తాయి. అసలు ఎస్‌డబ్ల్యుఆర్ 1.5 ఉన్న యాంటెన్నాను తీసుకోండి. రిఫ్లెక్షన్ గుణకం, అంటే వెళ్లే వోల్టేజిలో తిరిగొచ్చే వాటా, 0.2. కప్లర్ డైరెక్టివిటీ 20 డీబీ అయితే దాని పొరపాటు 0.1. కాబట్టి మీటరుకు 0.1 నుంచి 0.3 మధ్య ఏదైనా కనిపించొచ్చు, అంటే ఎస్‌డబ్ల్యుఆర్ 1.22 నుంచి 1.86 వరకు. 30 డీబీ అయితే 1.40 నుంచి 1.60 మధ్య, 40 డీబీ అయితే 1.47 నుంచి 1.53 మధ్య ఉంటుంది. 20 డీబీ డైరెక్టివిటీ ఉన్న కప్లర్ పెట్టుకుని '1.3 నుంచి 1.2కి దించాను' అని మురిసిపోవడంలో అర్థం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పొరపాటు ఒక్కరిదా, ఇద్దరిదా అని చూసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. కప్లర్‌కూ డమ్మీ లోడ్‌కూ మధ్య పావు తరంగం పొడవు కేబుల్ పెట్టండి. ఆర్‌జీ-58 రకం కేబుల్‌లో తరంగ వేగం కాంతి వేగంలో 66 శాతం, కాబట్టి 145 మెగాహెర్ట్జ్‌కు ఆ పొడవు 34 సెం.మీ., 14.2 మెగాహెర్ట్జ్‌కు సుమారు మూడున్నర మీటర్లు. పోయి రావడంలో లోడ్ నుంచి వచ్చే రిఫ్లెక్షన్ తలకిందులవుతుంది. కప్లర్ సొంత పొరపాటు మాత్రం కదలదు. కేబుల్ పెట్టకముందు, పెట్టాక రెండు రీడింగులూ దాదాపు ఒకటే అయితే తప్పు ఎవరిదో దీంతో తేలదు, ఎందుకంటే పొరపాటు కప్లర్ ఒక్కదానిదైనా, లోడ్ ఒక్కదానిదైనా రీడింగు మారదు. బాగా మారిందంటే రెండింటికీ అందులో వాటా ఉంది.

ప్రశ్న: 3.5 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, 100 వాట్లకు కప్లర్ ఇంట్లో చేసుకోవాలి. పాత కంప్యూటర్ పవర్ సప్లైల నుంచి తీసిన పసుపు రంగు రింగులు చాలా ఉన్నాయి. అవి పనికొస్తాయా? పది చుట్లు చాలంటున్నారు, నిజమేనా?
– పటమట, విజయవాడ

జవాబు: పసుపు, తెలుపు రంగుల రింగులను పక్కన పెట్టండి. అవి ఇనుప పొడి కోర్లు, పవర్ సప్లైల్లో ఫిల్టరు పనికి చేసినవి. షార్ట్‌వేవ్‌లో వాటి నష్టం ఎక్కువ, చుట్టుకు వచ్చే ఇండక్టెన్స్ తక్కువ. మీకు కావలసింది 43 రకం ఫెర్రైట్. ఎఫ్‌టీ50-43 రింగులు రెండు తీసుకోండి. వేళ్లకు చిన్నవనిపిస్తే ఎఫ్‌టీ82-43 తీసుకోండి, పని అదే.

చుట్ల సంగతి. ఈ కప్లర్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. ఒకటి లైన్‌లోని కరెంటును చూస్తుంది, రెండోది వోల్టేజిని. రెండింటికీ చుట్ల సంఖ్య ఒకటే. కప్లింగ్ చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది: పది చుట్లయితే 20 డీబీ, 32 చుట్లయితే 30 డీబీ. పది చుట్లతో 100 వాట్లు పంపితే పక్క పోర్టులోకి ఏకంగా 1 వాట్ వస్తుంది, దాన్ని ఎక్కడ పోగొట్టాలన్నది ఒక తలనొప్పి. అంతకంటే ముఖ్యం, 100 వాట్లకు 50 ఓమ్ లైన్ మీద 70.7 వోల్టులుంటాయి. వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద ఆ మొత్తం పడుతుంది. పది చుట్లయితే చుట్టుకు 7 వోల్టులు, 32 అయితే 2.2. కింది బ్యాండ్లలో కోర్ వేడెక్కేదీ లేనిదీ ఈ అంకె మీదే ఆధారపడుతుంది. పది చుట్ల సలహా 5 వాట్ల సెట్లకు సరిపోతుంది. మీరు 32 వేయండి.

సామాను: రింగులు రెండు, 30 గేజి ఎనామిల్ తీగ మీటరున్నర, ఆర్‌జీ-58 ముక్కలు రెండు (ఒక్కొక్కటి 5 సెం.మీ.), ఎస్‌వో-239 సాకెట్లు రెండు, బీఎన్‌సీ సాకెట్లు రెండు, పెట్టె చేయడానికి రాగి పూత ఫైబర్ బోర్డు.

ఒక్కో రింగుకు 70 సెం.మీ. తీగ పడుతుంది. రంధ్రంలోంచి తీగ దూరిన ప్రతిసారీ ఒక చుట్టు. బయట ఎన్ని కనిపిస్తున్నాయని లెక్కపెడితే ఒకటి తేడా వస్తుంది. 32కు బదులు 31 పడితే పవర్ రీడింగ్ ఆరేడు శాతం తప్పుతుంది. చుట్లను ఒక దాని పక్కన ఒకటి రింగు చుట్టూ సర్దండి, మొదలు చివర కలిసిపోకుండా కొంచెం ఖాళీ వదలండి. చుట్టిన తర్వాత కూడా ఎఫ్‌టీ50 రంధ్రంలో ఆర్‌జీ-58 పై తొడుగుతో సహా దూరుతుంది, కాస్త బిగువుగానే.

ఇక తీగలు కలపడం. మొదటి కోయాక్స్ (ఆర్‌జీ-58) ముక్క రెండు ఎస్‌వో-239ల మధ్య అసలు లైన్. అది మొదటి రింగులోంచి పోతుంది. రెండో కోయాక్స్ ముక్క రెండు బీఎన్‌సీల మధ్య పోతుంది, రెండో రింగులోంచి. మొదటి రింగు చుట్ల ఒక కొస ఎర్త్‌కు, రెండో కొస రెండో కోయాక్స్ నడిమి తీగకు ఒక బీఎన్‌సీ దగ్గర. రెండో రింగు చుట్ల ఒక కొస ఎర్త్‌కు, రెండో కొస అసలు లైన్ నడిమి తీగకు ఒక ఎస్‌వో-239 దగ్గర. రెండు భాగాల మధ్య రాగి బోర్డుతో గోడ కట్టి, తీగలు దూరేంత రంధ్రాలు మాత్రమే వదలండి.

ఎక్కువ మంది పప్పులో కాలేసే చోటు ఇది. కోయాక్స్ అల్లికను ఒక్క కొసనే ఎర్త్ చేయాలి. ఆ అల్లిక అక్కడున్నది కరెంటు మోయడానికి కాదు, నడిమి తీగకూ చుట్లకూ మధ్య విద్యుత్ క్షేత్రానికి తెరలా నిలవడానికి. రెండు కొసలూ ఎర్త్ చేస్తే పెట్టె గోడతో కలిసి అది రింగులోంచి పోయే షార్ట్ చుట్టు అవుతుంది. అప్పుడు కప్లింగ్ పడిపోతుంది, డైరెక్టివిటీ పోతుంది. బయటికి మాత్రం టంకం చక్కగా, పెట్టె అందంగా ఉంటుంది.

రెండు బీఎన్‌సీలకూ ఎప్పుడూ 50 ఓములు ఉండాల్సిందే. ఒకటి వాడుతూ రెండోది ఖాళీగా వదిలేస్తే రెండింటి రీడింగూ తప్పే, ఎందుకంటే ఒక పోర్టు వోల్టేజి రెండో పోర్టు లోడ్ మీద కూడా ఆధారపడుతుంది. 100 ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెండు సమాంతరంగా కలిపితే 50 ఓములు. తీగ చుట్టిన సిమెంటు రెసిస్టర్లు వద్దు, అవి ఈ ఫ్రీక్వెన్సీల్లో రెసిస్టర్ల కంటే కాయిల్సే.

ఏ బీఎన్‌సీ ముందుకెళ్లే పవర్‌ది, ఏది తిరిగొచ్చేదానిది? చుట్టిన దిశను బట్టి మారుతుంది, ముందుగా ఊహించక్కర్లేదు. డమ్మీ లోడ్ పెట్టి 5 వాట్లు పంపండి. ఎక్కువ చూపించేది ముందుకెళ్లేది. రెండూ సమానంగా చూపిస్తే పైన చెప్పిన అల్లిక సంగతి చూడండి, లేదా ఏదో ఒక రింగు చుట్లు తెగి ఉంటాయి. 3.5 దగ్గర బాగుండి 28 దగ్గర డైరెక్టివిటీ పడిపోతుంటే తీగల కొసలు పొడుగున్నాయన్నమాట, సెంటీమీటర్ల చొప్పున కత్తిరించండి.

ప్రశ్న: నానోవీఎన్ఏ (సిగ్నల్ పంపి ఎంత దాటిందో, ఎంత తిరిగొచ్చిందో కొలిచే చిన్న పరికరం) ఉంది. దానితో చేసుకున్న కప్లర్‌ను పరీక్షించవచ్చా? 40 డీబీ కప్లర్‌కు డైరెక్టివిటీ ఎంత కొలిచినా ప్రతిసారీ ఒక్కో అంకె వస్తోంది.
– తాడేపల్లి

జవాబు: పరీక్షించవచ్చు, కానీ మీ కప్లర్‌కు ఆ పరికరం చాలదు. 300 మెగాహెర్ట్జ్ లోపు నానోవీఎన్ఏ సుమారు 70 డీబీ లోతు వరకే చూడగలదు. మీ కప్లర్ 40 డీబీ; డైరెక్టివిటీ 30 ఉందనుకుంటే తప్పు పోర్టులోకి వచ్చే సిగ్నల్ 40 + 30 = 70 డీబీ కింద ఉంటుంది. అంటే మీరు కొలుస్తున్నది ఆ పరికరం సొంత రొదను. 30 డీబీ కప్లర్ అయితే 60 డీబీ దగ్గర చూడాలి, అది వీలవుతుంది.

పద్ధతి: ముందు మీరు వాడే కేబుళ్లతోనే కాలిబ్రేషన్ చేయండి. పోర్టు 1ని కప్లర్ లోపలి వైపుకు, పోర్టు 2ని ముందుకెళ్లే పోర్టుకు, అవతలి రెండు పోర్టులకూ 50 ఓమ్ టెర్మినేషన్లు. వచ్చిన అంకె కప్లింగ్. తర్వాత పోర్టు 2ని తిరిగొచ్చే పోర్టుకు మార్చి, అక్కడున్న టెర్మినేషన్‌ను మొదటిదానికి పెట్టండి. వచ్చిన అంకె ఐసోలేషన్. రెండింటి తేడా డైరెక్టివిటీ. లైన్ చివర పెట్టిన టెర్మినేషన్ రిటర్న్ లాస్ (పంపినదానికంటే తిరిగొచ్చేది ఎన్ని డీబీ తక్కువో చెప్పే అంకె) 25 డీబీ మాత్రమే అయితే మీ కప్లర్ ఎంత గొప్పదైనా 25 దాటి కనిపించదు. మార్కెట్లో దొరికే చవక టెర్మినేషన్లను ముందు ఒంటరిగా కొలిచి చూసుకోవడం మేలు.

ట్రాన్స్‌మిటర్ నొక్కేటప్పుడు నానోవీఎన్ఏ కప్లర్‌కు తగిలించి ఉండకూడదు. ఇది హెచ్చరిక కాదు, లెక్క: 100 వాట్లంటే ప్లస్ 50 డీబీఎమ్ (1 మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని లెక్కించే డీబీ), 30 డీబీ తీసేస్తే ప్లస్ 20, అంటే 100 మిల్లీవాట్లు ఆ పరికరంలోకి పోతాయి.

ప్రశ్న: కప్లర్‌కు స్పెక్ట్రమ్ ఎనలైజర్ తగిలించి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర వచ్చే అక్కర్లేని సిగ్నళ్లు) చూడాలంటే?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టైనీఎస్ఏ లాంటి చిన్న ఎనలైజర్లకు ప్లస్ 10 డీబీఎమ్ దాటకూడదు. 100 వాట్లు, 30 డీబీ కప్లర్ అయితే ప్లస్ 20 వస్తుంది కాబట్టి మధ్యలో 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల ప్యాడ్) పెట్టి మైనస్ 10కి దించండి. 20 డీబీ ప్యాడ్ ఇంట్లో చేసుకోవచ్చు: గ్రీకు అక్షరం π ఆకారంలో, రెండు చివర్లా ఎర్త్‌కు 61 ఓములు, మధ్యలో 247 ఓములు. 62, 240 పెట్టినా కొలతకు పెద్ద తేడా రాదు. 100 మిల్లీవాట్లు వచ్చే చోట మొదటి రెసిస్టర్ మీద 80 మిల్లీవాట్ల దాకా పడుతుంది, పావు వాట్ రెసిస్టర్ చాలు. 10 డీబీ ప్యాడ్‌కు 96, 71 ఓములు. రెండు ప్యాడ్లూ వరుసగా పెడితే 30 డీబీ.

ప్రశ్న: మా సర్వీసు షాపులో లైన్ మధ్యలో పెట్టే వాట్‌మీటరు ఉంది, ఒక్కో పవర్ హద్దుకు ఒక్కో బిళ్ల మార్చి, దాని మీది బాణం గుర్తు తిప్పుతూ కొలుస్తాం. 50 వాట్ల బిళ్లతో 40 వాట్లు పోతోంది, తిప్పితే 1, 2 వాట్లు. ఒకసారి ఎస్‌డబ్ల్యుఆర్ బాగుందంటాం, ఒకసారి బాలేదంటాం.
– ఏలూరు రోడ్డు, విజయవాడ

జవాబు: ఆ బిళ్లల ఖచ్చితత్వం పూర్తి స్కేలులో 5 శాతం చొప్పున చెబుతారు, చూపిస్తున్న అంకెలో కాదు. 50 వాట్ల బిళ్లకు అది 2.5 వాట్లు. స్కేలు ఏ చోట చూసినా అంతే. ఎస్‌డబ్ల్యుఆర్ 1.5 ఉంటే 40 వాట్లలో తిరిగొచ్చేది 1.6 వాట్లే. అంటే మీరు చూడాలనుకున్నదానికంటే పొరపాటే పెద్దది.

తిరుగు పవర్‌కు 5 వాట్ల బిళ్ల పెట్టండి, అప్పుడు పొరపాటు 0.25 వాట్లకు దిగుతుంది. పని వరుస మాత్రం తప్పకూడదు. ముందు 50 వాట్ల బిళ్లతో ముందుకీ, వెనక్కీ చూసి తిరుగు పవర్ 5 వాట్ల కంటే తక్కువని తేల్చుకోండి. ట్రాన్స్‌మిటర్ ఆపండి. చిన్న బిళ్లను బాణం ట్రాన్స్‌మిటర్ వైపు చూసేలా పెట్టి అప్పుడు నొక్కండి. చిన్న బిళ్ల లోపల ఉండగా ఎవరైనా అలవాటు కొద్దీ బాణం యాంటెన్నా వైపు తిప్పితే 40 వాట్లు దాని డయోడ్ మీద పడతాయి. షాపులో ఒకరు నొక్కుతుంటే మరొకరు తిప్పే పద్ధతి మానేయండి.

ప్రశ్న: 5 వాట్ల సెట్‌కు కప్లర్ కట్టి, వెనక 1ఎన్4148 డయోడ్లు వేశాను. ఏ యాంటెన్నా పెట్టినా 1:1 చూపిస్తోంది.
– కొత్తపేట, గుంటూరు

జవాబు: డయోడ్ తెరుచుకోవడం లేదు. 30 డీబీ కప్లర్‌లో 5 వాట్లకు వచ్చేది 5 మిల్లీవాట్లు, 50 ఓముల మీద శిఖరం 0.7 వోల్టులు. ఎస్‌డబ్ల్యుఆర్ 2 ఉన్నా తిరుగు వోల్టేజి అందులో మూడో వంతు, 0.24. సిలికాన్ డయోడ్‌కు 0.6 దగ్గర గానీ కదలిక రాదు. అందుకే అన్ని యాంటెన్నాలూ మీ మీటరుకు బంగారమే. పది చుట్ల కప్లర్ వేసుకోండి, అప్పుడు తిరుగు వోల్టేజి 0.75 అవుతుంది. డయోడ్‌ను 1ఎన్5711 షాట్కీకి మార్చండి. అప్పటికీ తక్కువ వోల్టేజిలో డయోడ్ తక్కువే చూపిస్తుంది, అదీ ఎప్పుడూ మీకు నచ్చే వైపే తప్పుతుంది.

ప్రశ్న: సిగ్నల్ బలాన్ని డీబీల లెక్కన వోల్టేజిగా మార్చే ఏడీ8307 చిప్‌తో రెండు పోర్టులనూ మైక్రోకంట్రోలర్‌కు ఇస్తున్నాం. కాలేజీ డాబా మీద డైపోల్ కొలుస్తుంటే, సిగ్నల్ జనరేటర్ కట్టేసినా తిరుగు పవర్ కనిపిస్తోంది. డమ్మీ లోడ్‌తో ఆ బాధ లేదు.
– ఇంజనీరింగ్ అధ్యాపకుడు, విజయవాడ

జవాబు: మీ కప్లర్ నిజమే చెబుతోంది. యాంటెన్నా వైపు నుంచి పవర్ వస్తోంది, కాకపోతే అది మీది కాదు. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్‌లోనూ, ఎఫ్ఎం 102.2 మెగాహెర్ట్జ్‌లోనూ ఉంది. ఏడీ8307 డీసీ నుంచి 500 మెగాహెర్ట్జ్ దాకా ఏది వచ్చినా కలిపి చూపిస్తుంది, దేనిదో అడగదు.

జనరేటర్ ప్లస్ 10 డీబీఎమ్ ఇస్తోందనుకోండి. యాంటెన్నా రిటర్న్ లాస్ 20 డీబీ అయితే లైన్లో తిరిగొచ్చేది మైనస్ 10. ప్రసారం నుంచి ఆ తీగలోకి 1 మిల్లీవాట్, అంటే 0 డీబీఎమ్ చేరినా చాలు, మీ సిగ్నల్ కంటే అది పది రెట్లు. అదే 100 వాట్లతో కొలిస్తే తిరిగొచ్చేది 1 వాట్, ప్లస్ 30. అప్పుడు ఆ మిల్లీవాట్ లెక్కలోకే రాదు. తక్కువ పవర్ కొలత వల్ల పరికరాలు కాలవు, కానీ ఊరి రేడియో స్టేషన్ మొత్తం చొరబడుతుంది.

కాబట్టి ప్రతి కొలతకు ముందు జనరేటర్ ఆపి తిరుగు పోర్టు రాసుకోండి. మీ కొలతకూ దానికీ 15 డీబీ తేడా లేకపోతే ఆ కొలతను నమ్మకండి. ఎఫ్ఎం వస్తుంటే తిరుగు పోర్టుకూ చిప్‌కూ మధ్య 35 మెగాహెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ (దానికి పైవాటిని ఆపేది) వేయండి. దానికి ముందు ఒక 6 లేదా 10 డీబీ ప్యాడ్ తప్పనిసరి. లేకపోతే ఫిల్టర్ తన హద్దు బయట పోర్టుకు 50 ఓములు చూపించదు. మీడియం వేవ్‌కు హై-పాస్ (కిందివాటిని ఆపేది) కావాలి.

చిప్ లెక్కలు: 1 డీబీకి 25 మిల్లీవోల్టులు, సున్నా గీత మైనస్ 84 డీబీఎమ్ దగ్గర. వోల్టేజి = 0.025 × (డీబీఎమ్ + 84). 0 డీబీఎమ్‌కు 2.1 వోల్టులు, మైనస్ 20కి 1.6. దాని ఇన్‌పుట్ 1.1 కిలో ఓమ్ కాబట్టి పక్కన 52.3 ఓములు పెడితే మొత్తం 50 అవుతుంది. మీ కన్వర్టర్ 10 బిట్లు, 5 వోల్టులదైతే ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు, 0.2 డీబీ, చాలు. పై అంకెలు చిప్‌కు చిప్‌కు కొద్దిగా మారతాయి. తెలిసిన రెండు పవర్ల దగ్గర, ఉదాహరణకు 0, మైనస్ 30 దగ్గర కొలిచి మీ గీత మీరే గీసుకోండి. రెండు చిప్‌లకూ విడివిడిగా.

ఇంకొకటి: తక్కువ పవర్‌లో రిటర్న్ లాస్ కొలిచేటప్పుడు సున్నా గుర్తును లైన్ చివర ఓపెన్ ఒకసారి, షార్ట్ ఒకసారి పెట్టి, రెండింటి సగటు తీసుకోండి. ఒక్కదానితో ఆపితే జనరేటర్ సొంత మిస్‌మ్యాచ్ అందులో కలిసిపోతుంది. ఇలా ఓపెన్, షార్ట్ పెట్టడం జనరేటర్‌తోనే, ట్రాన్స్‌మిటర్‌తో కాదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న కేబుల్ చుట్ట మునిగింది. ఎండబెట్టి 145 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు వాడుతున్నాను. 20 మీటర్ల ఆర్‌జీ-213. విచిత్రంగా ఎస్‌డబ్ల్యుఆర్ మునుపటి కంటే బాగుంది, బ్యాండంతా 1.2 లోపే. కానీ దూరం వాళ్లకు వినపడటం లేదు.
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఎస్‌డబ్ల్యుఆర్ బాగుపడటమే జబ్బు లక్షణం. కేబుల్ పవర్‌ను తినేస్తోంది. పోయేటప్పుడు కొంత, యాంటెన్నా నుంచి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే తింటుంది. తిరిగొచ్చేది తగ్గిపోయింది కాబట్టి కింద మీటరు సంతోషంగా ఉంది.

పైన యాంటెన్నా విప్పేసి కేబుల్ కొసను ఖాళీగా వదలండి. కింద నానోవీఎన్ఏతో గానీ, జనరేటరు, కప్లర్‌తో గానీ రిటర్న్ లాస్ చూడండి. అందులో సగం కేబుల్ ఒకవైపు నష్టం. కొత్త ఆర్‌జీ-213కు 145 మెగాహెర్ట్జ్‌లో 100 మీటర్లకు సుమారు 9 డీబీ నష్టం ఉంటుంది. అంటే మీ 20 మీటర్లకు 1.8, రిటర్న్ లాస్ 3.6 డీబీ దగ్గర రావాలి. మీకు 10 డీబీ వచ్చిందనుకోండి. ఒకవైపు నష్టం 5 డీబీ. 25 వాట్లు పంపితే పైకి చేరేవి 8 వాట్లు. ఆ కేబుల్‌కు యాంటెన్నా అసలు లేకపోయినా మీటరు 1.9 అంటుంది!

రెండో దారిలో, ఒకే కప్లర్‌తో ముందు సెట్ దగ్గర, తర్వాత కేబుల్ పై కొసన డమ్మీ లోడ్‌కు ముందు, ముందుకెళ్లే పవర్ చూడండి. ఒకే కప్లర్ కాబట్టి దాని కప్లింగ్ పొరపాటు రెండు చోట్లా ఒకటే, తేడాలో పోతుంది.

ఎండబెట్టడం వల్ల నీరు పోతుంది, తుప్పు పోదు. అల్లికలోంచి నీరు వత్తిలో నూనెలా లోపలికి పాకుతుంది. కొసనుంచి అడుగు చొప్పున కోసి చూడండి. అల్లిక నల్లగా, పచ్చగా ఉన్నంత మేరా పనికిరాదు. ఎర్రగా మెరిసే రాగి కనిపించాక మిగిలిన ముక్కను మళ్లీ కొలిచి, మీటరుకు లెక్కగట్టి చూసి అప్పుడు వాడండి. చుట్ట మొత్తం మునిగింది కాబట్టి రెండు కొసలనుంచీ చూడాలి. కొత్త కనెక్టరు మీద ముందు తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు, దాని పైన పీవీసీ టేపు కింది నుంచి పైకి చుట్టండి. కనెక్టరుకు ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పితే వాన నీరు అక్కడ కారిపోతుంది.

ప్రశ్న: ఎస్‌డబ్ల్యుఆర్ మీటరును కేబుల్‌లో వేరే చోట పెడితే అంకె మారుతోంది. మారకూడదు కదా?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: నష్టం వల్ల యాంటెన్నా వైపు జరిగేకొద్దీ కాస్త పెరగాలి, అంతే. పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంటే రెండే కారణాలు. ఒకటి డైరెక్టివిటీ, మొదటి ఉత్తరంలో చెప్పిందే. రెండు, కేబుల్ అల్లిక బయటి వైపు కరెంటు పాకడం. అప్పుడు కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమే, దాని పొడవు మార్చితే యాంటెన్నానే మార్చినట్టు. కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే రీడింగు కదులుతోందా చూడండి. కదిలితే యాంటెన్నా దగ్గర బాలన్ (ఆ బయటి కరెంటును ఆపేది) గానీ, కేబుల్ మీద ఫెర్రైట్ రింగులు గానీ కావాలి. మీటరును తిట్టి లాభం లేదు.

ప్రశ్న: 100 వాట్ల సెట్. కప్లర్ ముందుకు 125, వెనక్కి 25 చూపిస్తోంది. 125 ఎక్కడినుంచి వచ్చింది?
– కృష్ణలంక, విజయవాడ

జవాబు: సెట్ నుంచి 100 వాట్లే వస్తున్నాయి. యాంటెన్నా నుంచి తిరిగొచ్చిన 25 వాట్లు ట్రాన్స్‌మిటర్, ట్యూనర్ (యాంటెన్నాను సెట్‌కు సరిపడేలా సర్దే పెట్టె) వైపు మళ్లీ రిఫ్లెక్టయి ముందుకే వెళ్తున్నాయి, అందుకే ముందుకెళ్లే తరంగం 125 అయింది. లైన్‌లోంచి నిజంగా బయటికి పోయేది ముందు మైనస్ వెనక, 100. మీ ఎస్‌డబ్ల్యుఆర్ 2.6. మీటరు స్కేలు మీద 125 చూసి పవర్ తగ్గించుకునే ముందు తీసివేత చేయండి. సెట్‌కూ యాంటెన్నాకూ మధ్య ట్యూనర్ ఉంటే కప్లర్‌ను సెట్‌కూ ట్యూనర్‌కూ మధ్య పెట్టండి. ట్యూనర్ సర్దాక అక్కడ వెనక్కి దాదాపు సున్నా రావాలి. 125, 25 అంకెలు ట్యూనర్ అవతలి వైపు మాత్రం అలాగే ఉంటాయి.